ఈమాక్స్‌లో కట్, కాపీ, పేస్ట్‌లను నా అలవాటుకు తగ్గట్టు మార్చుకోవడం ఎలా?

ప్రశ్న – ప్రూఫుచీటీ

అందరికీ నమస్కారం. నేను తెలుగు వ్యాసాలకు ప్రూఫులు చూసే పని చేస్తాను. ఆరేళ్లుగా విజువల్ స్టూడియో కోడ్‌లో రాసుకుంటూ వచ్చినవాణ్ణి, ఈమాక్స్ అనే ఎడిటర్‌లో నోట్సు, వ్యాసాలు రాసుకోవడానికి ఉన్న ఆర్గ్ మోడ్ గురించి విని రెండు నెలల క్రితం ఈమాక్స్ 29కి మారాను. లినక్స్ మీద, టెర్మినల్‌లో కాకుండా దాని సొంత విండోలోనే వాడుతున్నాను. ఆర్గ్ మోడ్ నేను ఆశించినదానికంటే బాగుంది. అయితే రోజుకు కొన్ని వందల సార్లు చేసే కట్, కాపీ, పేస్ట్ దగ్గరే నా చేతులు తడబడుతున్నాయి.

మొదటిది మీటల సంగతి. పాత అలవాటు కొద్దీ ఒక వాక్యాన్ని కత్తిరిద్దామని కంట్రోల్-ఎక్స్ నొక్కి, అది కదలకపోవడంతో కనీసం కాపీ అయినా చేద్దామని కంట్రోల్-సి నొక్కాను. ఆ రెండూ వరుసగా నొక్కితే ఈమాక్స్‌ను మూసివేయమని అర్థమట. ఫైలు అప్పటికే సేవ్ చేసి ఉండటం వల్ల అది నన్నేమీ అడగకుండానే మూతపడింది.

రెండోది నన్ను ఎక్కువగా బాధిస్తున్నది. బ్రౌజర్‌లో ఒక లింకు కాపీ చేసుకుని, ఈమాక్స్‌లోకి వచ్చి, దాన్ని అతికించవలసిన చోట ఉన్న ఒక తప్పు మాటను ఆల్ట్-బ్యాక్‌స్పేస్‌తో తీసేసి, ఆ తరువాత పేస్ట్ చేస్తే, లింకు రావడం లేదు. నేను తీసేసిన ఆ తప్పు మాటే తిరిగి వచ్చి కూర్చుంటోంది. ఈలోగా బ్రౌజర్‌లో ఆ పేజీని మూసేసి ఉంటే లింకును మళ్లీ వెతుక్కోవలసిందే.

మూడోది, పాత ఎడిటర్‌లో ఏమీ ఎంచుకోకుండా కట్ నొక్కితే కర్సర్ ఉన్న వరుస మొత్తం కత్తిరించబడేది. ఇక్కడ అదే ఆశతో కట్ మీట అయిన కంట్రోల్-డబ్ల్యూ నొక్కితే ఒక్కొక్కసారి మూడు నాలుగు పేరాలు మాయమవుతున్నాయి. ఏ లెక్క ప్రకారం అంత భాగాన్ని తీసుకుంటోందో నాకు అంతు చిక్కలేదు.

ఈమాక్స్ అమరికలు రాసే లిస్ప్ భాష నాకు రాదు. రెండు మూడు వరుసలు ఎవరైనా చెబితే చేర్చుకోగలను. ఇవన్నీ మార్చుకోవడం మంచిదా, లేక ఈమాక్స్ పద్ధతికే అలవాటు పడటం మంచిదా అన్నది కూడా అనుభవజ్ఞులు చెప్పగలరు.


సమాధానం – కుండలీకరణం

ప్రూఫుచీటీ గారికి, మీ మొదటి ఇబ్బందికి మందు ఈమాక్స్‌తోపాటే వస్తుంది. దాని పేరు సియుఎ మోడ్. ఆప్షన్స్ మెనూలో పైభాగంలోనే దానికి ఒక గడి ఉంటుంది. దాన్ని టిక్ చేసి, అదే మెనూలో ఉన్న సేవ్ ఆప్షన్స్ నొక్కితే చాలు, ఒక్క వరుస కూడా రాయనక్కర లేదు.

కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-సి రెండూ ఈమాక్స్‌లో వందలాది ఆదేశాలకు గుమ్మాల వంటివి కదా, వాటిని కట్‌కూ కాపీకీ ఇచ్చేస్తే ఆ ఆదేశాలన్నీ ఏమవుతాయి అని మీకు సందేహం రావచ్చు. సియుఎ మోడ్ దీనికి చేసిన ఏర్పాటు తెలివైనది. ఏదైనా భాగం ఎంచుకుని ఉన్నప్పుడు మాత్రమే ఆ మీటలు కట్, కాపీలుగా పనిచేస్తాయి. ఏదీ ఎంచుకోనప్పుడు వాటి పాత అర్థమే ఉంటుంది. భాగాన్ని ఎంచుకుని ఉండి కూడా పాత అర్థమే కావలసివస్తే, కంట్రోల్-ఎక్స్ నొక్కిన వెంటనే, అంటే 0.2 సెకన్ల లోపల, తరువాతి మీట నొక్కాలి. ఆ వేగం చేతకాకపోతే షిఫ్ట్ కూడా కలిపి కంట్రోల్-షిఫ్ట్-ఎక్స్ నొక్కవచ్చు. ఆ 0.2 మీకు ఎక్కువో తక్కువో అనిపిస్తే సియుఎ-ప్రిఫిక్స్-ఓవర్‌రైడ్-ఇన్‌హిబిట్-డిలే అనే విలువను మార్చుకోవచ్చు. కంట్రోల్-వి పేస్ట్‌గానూ, కంట్రోల్-జెడ్ అన్‌డూగానూ మారతాయి. కంట్రోల్-వితో తెర కిందికి జరిపే పాత అలవాటు మీకు ఎలాగూ లేదు, కావాలంటే పేజ్‌డౌన్ మీట ఉండనే ఉంది.

ఇంకో లాభం కూడా ఉంది. మామూలు ఈమాక్స్‌లో ఒక వాక్యాన్ని ఎంచుకుని దాని మీద టైపు చేస్తే పాత వాక్యం అలాగే ఉండి కొత్తది పక్కన చేరుతుంది. సియుఎ మోడ్‌లో ఎంచుకున్నది పోయి కొత్తది దాని స్థానంలోకి వస్తుంది. ఈ ఒక్క గుణమే కావాలనుకునేవారు సియుఎ జోలికి పోకుండా డిలీట్-సెలెక్షన్-మోడ్ ఒక్కటీ పెట్టుకోవచ్చు.

కంట్రోల్-ఎంటర్‌తో నిలువు దిమ్మెను ఎంచుకుని కత్తిరించే సౌకర్యం కూడా సియుఎలో భాగమే. పట్టికలు సరిచేసేటప్పుడు నాకు అది లేకపోతే చేయి విరిగినట్టు ఉంటుంది. మీటలు మార్చుకోవడం ఇష్టం లేక ఈ దిమ్మె సౌకర్యం మాత్రమే కావాలనుకునేవారి కోసం సియుఎ-సెలెక్షన్-మోడ్ అని విడిగా ఒకటి ఉంది.

మీ రెండో ప్రశ్నకు నా దగ్గర గట్టి జవాబు లేదు. నేను ముందు చెరిపేసుకుని, ఆ తరువాతే బ్రౌజర్‌లోకి వెళ్లి కాపీ చేసుకుంటాను!


సమాధానం – పాతటెర్మినల్

కుండలీకరణం గారు చెప్పినదంతా నిజమే గాని, అది మీటల వరకే పరిష్కారం. ప్రూఫుచీటీ గారి రెండో, మూడో ఇబ్బందులు సియుఎ పెట్టుకున్నా అలాగే ఉంటాయి, ఎందుకంటే అవి మీటల వల్ల వచ్చినవి కావు. ‘తీసివేయడం’ అనే పనిని ఈమాక్స్ అర్థం చేసుకునే తీరు వల్ల వచ్చినవి.

ఇతర ఎడిటర్లలో చెరపడం ఒక పని, కత్తిరించడం వేరొక పని. ఈమాక్స్‌లో అక్షరం కంటే పెద్దదాన్ని, అంటే మాటనో వరుసనో వాక్యాన్నో, ఏ ఆదేశంతో తీసేసినా అది దాదాపు ప్రతిసారీ కత్తిరింపు కిందే లెక్క. దానిని అది కిల్ అంటుంది. అలా తీసినవన్నీ కిల్ రింగ్ అనే వరుసలో చేరతాయి. ఈమాక్స్ 28 వరకు ఆ వరుసలో మామూలుగా 60 ముక్కలు నిలిచేవి, మీరు వాడుతున్న 29లో 120 నిలుస్తాయి. తిరిగి అతికించడాన్ని యాంక్ అంటారు. విమ్ అనే ఎడిటర్ నుంచి వచ్చినవారికి ఈ మాట దగ్గర తలకిందులైనట్టు ఉంటుంది, ఎందుకంటే అక్కడ యాంక్ అంటే కాపీ. ఈ పేర్లు మొండితనం వల్ల పెట్టినవి కావు. మొదటి ఈమాక్స్ 1976లో ఎంఐటీలో పుట్టింది. కట్, కాపీ, పేస్ట్ అనే భావనకు ల్యారీ టెస్లర్, టిమ్ మాట్ జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రూపం ఇస్తున్నది కూడా ఆ దశాబ్దంలోనే. ఎక్స్, సి, వి మీటలు ఆపిల్ వారి లీసా కంప్యూటరుతో జనం ముందుకు వచ్చింది 1983లో. అప్పటికే ఈమాక్స్ వాడేవారి వేళ్లు మరో దారిలో స్థిరపడిపోయాయి.

ఇప్పుడు మీ లింకు సంగతి. మీరు ఆల్ట్-బ్యాక్‌స్పేస్ నొక్కినప్పుడు ఆ మాట చెరిగిపోవడమే కాకుండా, కత్తిరించబడి కిల్ రింగ్‌లోకి, అక్కడి నుంచి సిస్టమ్ క్లిప్‌బోర్డులోకి వెళ్లింది. క్లిప్‌బోర్డులో ఒక్కదానికే చోటు కాబట్టి లింకు పోయింది. దీనికి మూడు రకాల చికిత్సలున్నాయి.

అన్నిటికంటే తేలికైనది, నేను ఎవరికైనా మొదట చెప్పేది, సేవ్-ఇంటర్‌ప్రోగ్రామ్-పేస్ట్-బిఫోర్-కిల్ అనే విలువను ఆన్ చేయడం. ఆల్ట్-ఎక్స్ నొక్కి కస్టమైజ్-వేరియబుల్ అని రాసి, ఆ తరువాత ఈ పేరు ఇవ్వండి. ఇక్కడ తెలుగులో రాస్తున్నానుగాని మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాలతో, మధ్యలో అడ్డగీతలతో రాయాలి. సగం రాసి ట్యాబ్ నొక్కితే మిగిలినది అదే పూరిస్తుంది. తెరుచుకునే పేజీలో ఆన్ చేసి, అప్లై అండ్ సేవ్ నొక్కండి. ఇక మీదట ఈమాక్స్ ఏదైనా కత్తిరించే ముందు, బయటి నుంచి క్లిప్‌బోర్డులోకి వచ్చి ఉన్నదాన్ని ముందుగా కిల్ రింగ్‌లో దాచుకుని, ఆ తరువాతే తన ముక్కను పైన పెడుతుంది. అప్పుడు పేస్ట్ మీట అయిన కంట్రోల్-వై నొక్కితే మీ తప్పు మాట వచ్చినా, వెంటనే ఆల్ట్-వై నొక్కితే దాని స్థానంలోకి లింకు వస్తుంది. ఈమాక్స్ 28 నుంచి ఇంకొక సౌలభ్యం చేరింది: ముందు కంట్రోల్-వై నొక్కకుండా నేరుగా ఆల్ట్-వై నొక్కితే, రింగ్‌లో ఉన్నవాటిలో నుంచి కావలసినదాన్ని ఎంచుకోమని కింద అడుగుతుంది. ఈ విలువ అప్రమేయంగా ఎందుకు ఆఫ్‌లో ఉందంటే, క్లిప్‌బోర్డులో ఏదైనా చాలా పెద్ద పాఠ్యం ఉంటే దాన్ని తెచ్చుకోవడంలో ఆలస్యం కావచ్చు.

రెండో చికిత్స, మాటను చెరిపే మీటకు కత్తిరించే గుణం లేకుండా చేయడం. ఈమాక్స్ లోపల కిల్-రీజియన్, డిలీట్-రీజియన్ అని రెండు వేర్వేరు ఫంక్షన్లు ఉన్నాయి. మొదటిది రింగ్‌లో దాస్తుంది, రెండోది దాచదు. కర్సర్ ఉన్న చోటి నుంచి బ్యాక్‌వర్డ్-వర్డ్ తీసుకెళ్లిన చోటి వరకు డిలీట్-రీజియన్ చేయమని నాలుగు వరుసల ఫంక్షన్ రాసి, దాన్ని ఆల్ట్-బ్యాక్‌స్పేస్‌కు తగిలిస్తే సరిపోతుంది. నేను కొంతకాలం ఇలా వాడి మానేశాను. ఒక మాటను తీసేసి మరో చోట పెట్టాలనిపించినప్పుడు అది చేతిలో లేకపోవడం నాకు ఇంకా పెద్ద లోటుగా కనిపించింది. పొరపాటున చెరిపిన దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి అన్‌డూ ఉందిగాని, అది ఆ తరువాత చేసిన మంచి సవరణలను కూడా వెనక్కి తీసుకుపోతుంది.

మూడోది, కిల్ రింగ్, క్లిప్‌బోర్డు అనే రెండు గిన్నెలనూ పూర్తిగా వేరు చేయడం. సెలెక్ట్-ఎనేబుల్-క్లిప్‌బోర్డ్ అనే విలువను ఆఫ్ చేస్తే ఈమాక్స్ కత్తిరింపులు సిస్టమ్ క్లిప్‌బోర్డును ముట్టుకోవు. అప్పుడు బయటి నుంచి తెచ్చుకోవడానికి క్లిప్‌బోర్డ్-యాంక్, బయటికి పంపడానికి క్లిప్‌బోర్డ్-కిల్-రింగ్-సేవ్ అనే ఆదేశాలను సూపర్-వి, సూపర్-సి వంటి మీటలకు (సూపర్ అంటే విండోస్ గుర్తు ఉండే మీట) పెట్టుకోవాలి. నా స్నేహితుడొకరు ఇలాగే వాడతారు, ఆయనకు అది ప్రాణం. నాకు మాత్రం ఏది ఏ గిన్నెలో ఉందో గుర్తుంచుకోవడం అదనపు పని అనిపిస్తుంది.

మూడో ఇబ్బందికి కారణం, ఈమాక్స్‌లో మార్క్ అనే గుర్తు మీ కంటికి కనిపించకపోయినా ఎక్కడో ఒకచోట ఉంటూనే ఉండటం. మీరు వెతుకులాట మొదలుపెట్టినప్పుడో, ఫైలు చివరికి దూకినప్పుడో అది అక్కడ పడి ఉంటుంది. ఏమీ ఎంచుకోకుండా కంట్రోల్-డబ్ల్యూ నొక్కితే ఆ పాత గుర్తు నుంచి కర్సర్ దాకా ఉన్నదంతా పోతుంది. మార్క్-ఈవెన్-ఇఫ్-ఇనాక్టివ్ అనే విలువను ఆఫ్ చేస్తే, ఇలాంటి సందర్భంలో పేరాలను మింగడానికి బదులు మార్క్ క్రియాశీలంగా లేదని చెప్పి ఆగిపోతుంది. మీకు కావలసిన పద్ధతి, అంటే ఎంపిక లేనప్పుడు మొత్తం వరుసను కత్తిరించడం, హోల్-లైన్-ఆర్-రీజియన్ అనే ప్యాకేజీ ఇస్తుంది. ప్యాకేజీ అవసరం లేదనుకుంటే కంట్రోల్-షిఫ్ట్-బ్యాక్‌స్పేస్ నొక్కండి. కర్సర్ వరుస మధ్యలో ఉన్నా సరే ఆ వరుస మొత్తం కత్తిరించబడుతుంది.

ఒకటి చెప్పి ఆపుతాను. ప్రూఫులు చూసేవారికి కిల్ రింగ్‌లో ఉన్న గొప్ప సుఖం, వరుసగా చేసిన కత్తిరింపులన్నీ కలిసి ఒకే ముక్క కావడం. కర్సర్ నుంచి వరుస చివరిదాకా, మళ్లీ నొక్కితే వరుస విరుపును కత్తిరించే కంట్రోల్-కె నాలుగు సార్లు నొక్కి రెండు వరుసలు తీస్తే, ఒక్క కంట్రోల్-వైతో రెండూ వస్తాయి. మధ్యలో కర్సర్‌ను వేరే చోటికి జరిపితే ఈ కలయిక తెగిపోతుంది; అయినా తరువాతి కత్తిరింపును పాతదానికే చేర్చాలంటే ముందుగా కంట్రోల్-ఆల్ట్-డబ్ల్యూ నొక్కాలి. వ్యాసంలో అక్కడక్కడ చెదిరి ఉన్న ఉదాహరణలన్నీ ఏరి ఒక చోట చేర్చడానికి నేను దీన్నే వాడతాను. సియుఎ పెట్టుకున్నా ఇది పోదు కాబట్టి, మీరు ఏ దారిలో వెళ్లినా దీన్ని నేర్చుకోండి.


ప్రూఫుచీటీ

ఇద్దరికీ కృతజ్ఞతలు. వారం రోజులు వాడి చూసి రాస్తున్నాను. పాతటెర్మినల్ గారు చెప్పిన మొదటి విలువను ఆన్ చేశాక ఇంతవరకు ఒక్క లింకు కూడా పోలేదు. మార్క్ సంగతి తెలిశాక భయం కూడా తగ్గింది. సియుఎను మూడు రోజులు పెట్టుకుని తీసేశాను. అది బాగానే పనిచేసింది గాని, భాగాన్ని ఎంచుకుని ఉండగా ఆర్గ్ మోడ్‌లో కంట్రోల్-సితో మొదలయ్యే ఆదేశాలు ఇవ్వవలసివచ్చినప్పుడు ఆ 0.2 సెకన్లు నాకు సరిపడలేదు. కొంచెం పెంచి చూస్తే కాపీ నెమ్మదించినట్టు అనిపించింది. కంట్రోల్-డబ్ల్యూ, ఆల్ట్-డబ్ల్యూ, కంట్రోల్-వై ఇప్పుడిప్పుడే వేళ్లకు వస్తున్నాయి. డిలీట్-సెలెక్షన్-మోడ్ మాత్రం ఉంచుకున్నాను.

అయితే కొత్తగా ఒక చిక్కు వచ్చింది. నేను తెలుగును ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో టైపు చేస్తాను, సిస్టమ్ అమరికల్లోనే లేఅవుట్ మారుస్తాను. తెలుగులో ఉండగా కంట్రోల్-వై నొక్కితే ఏమీ అతికించకుండా, ‘కంట్రోల్-బ’ అనే మీటకు అర్థం నిర్వచించలేదని కింద చూపుతోంది. పాత ఎడిటర్‌లో తెలుగులో ఉన్నా కంట్రోల్-వి పనిచేసేది. ప్రతి పేస్ట్‌కూ లేఅవుట్ మార్చి, మళ్లీ వెనక్కి మార్చవలసివస్తోంది.


సమాధానం – ఒత్తుపొల్లు

ప్రూఫుచీటీ గారూ, ఇది ఈమాక్స్‌లో తెలుగు రాసేవారందరికీ, ఆ మాటకొస్తే రష్యన్ రాసేవారికి కూడా, ఎదురయ్యేదే. ఇన్‌స్క్రిప్ట్‌లో వై మీట మీద ‘బ’ ఉంటుంది. మీరు లేఅవుట్‌ను సిస్టమ్‌లోనే మార్చినప్పుడు ఈమాక్స్‌కు చేరేది కంట్రోల్‌తో కూడిన ‘బ’ మాత్రమే. ఆ మీట మీద ఇంగ్లీషులో ఏ అక్షరం ఉండేదో అది చూడదు. సియుఎ పెట్టుకున్నా ఇదే కథ, వి మీట మీద ‘న’, సి మీట మీద ‘మ’, ఎక్స్ మీట మీద సున్న ఉంటాయి కాబట్టి.

దీనికి సరైన దారి, సిస్టమ్ లేఅవుట్‌ను ఇంగ్లీషులోనే వదిలేసి, ఈమాక్స్‌తోనే వచ్చే తెలుగు-ఇన్‌స్క్రిప్ట్ అనే ఇన్‌పుట్ మెథడ్‌ను వాడటం. కంట్రోల్‌తో వెనక్కి వాలిన గీత మీటను నొక్కితే మొదటిసారి ఏ పద్ధతి కావాలో అడుగుతుంది. ఆ తరువాత అదే మీట తెలుగుకూ ఇంగ్లీషుకూ మధ్య మారుస్తుంది. డిఫాల్ట్-ఇన్‌పుట్-మెథడ్ అనే విలువలో దాని పేరు ఉంచితే మొదటిసారి కూడా అడగదు. ఈ పద్ధతి అక్షరాలను మాత్రమే తెలుగులోకి మారుస్తుంది, కంట్రోల్, ఆల్ట్ కలిసిన మీటల జోలికి పోదు. కాబట్టి తెలుగు వాక్యం మధ్యలో ఉన్నా కంట్రోల్-వై కంట్రోల్-వైగానే ఉంటుంది. ఫోనులో లాగా ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేవారి కోసం తెలుగు-ఐట్రాన్స్ అని ఇంకొకటి కూడా ఉంది.

లేఅవుట్‌ను సిస్టమ్‌లోనే మార్చే అలవాటు వదులుకోలేమంటే, అక్షరం లేని మీటలు వాడండి. కత్తిరించడానికి షిఫ్ట్-డిలీట్, కాపీకి కంట్రోల్-ఇన్సర్ట్, అతికించడానికి షిఫ్ట్-ఇన్సర్ట్. ఐబిఎం 1987లో సియుఎ పేరుతో ప్రకటించిన ప్రమాణంలో ఉన్న అసలు మీటలు ఇవే. ఎక్స్, సి, వి మీటలను తెచ్చిపెట్టే ఈమాక్స్ మోడ్‌కు ఆ పేరు ఎలా స్థిరపడిందో గాని, కాస్త తమాషాగానే ఉంటుంది. ఈ మూడింటినీ ఈమాక్స్ ఏ మార్పూ చేయకుండానే గుర్తిస్తుంది, మీరు ఏ లేఅవుట్‌లో ఉన్నా వాటికి సంబంధం లేదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఇన్సర్ట్ మీట కోసం ఎఫ్‌ఎన్ కూడా కలిపి నొక్కవలసివస్తుంది, అదొక్కటే కష్టం.

ప్రూఫులు చూస్తారు కాబట్టి చెరపడం గురించి కూడా ఒక మాట. మీరు వాడే 29లో డిలీట్ మీట కర్సర్ తరువాత ఉన్న అక్షరాన్ని, గుణింతమూ ఒత్తులూ కలిపి తెర మీద ఒక్కటిగా కనిపించే దిమ్మెను, మొత్తంగా తీసేస్తుంది. బ్యాక్‌స్పేస్ మాత్రం వెనుక నుంచి ఒక్కొక్క గుర్తునే తీస్తుంది: ‘క్షి’ చివర నిలబడి నొక్కితే ముందు గుడి మాత్రమే పోయి ‘క్ష’ మిగులుతుంది. గుణింతం తప్పు పడినప్పుడు బ్యాక్‌స్పేస్, అక్షరమే తప్పయినప్పుడు డిలీట్ వాడుకోవచ్చు. ఈ రెండూ చెరిపేవే గాని కత్తిరించేవి కావు, అందుచేత మీ క్లిప్‌బోర్డులో ఉన్న లింకుకు వీటి వల్ల ఏ ప్రమాదమూ లేదు.


ప్రూఫుచీటీ

ఒత్తుపొల్లు గారూ, ఇన్‌పుట్ మెథడ్ పెట్టుకున్నాను, తెలుగు మధ్యలోనే కంట్రోల్-వై పనిచేసింది. సిస్టమ్ లేఅవుట్ మార్చే మీటను చేయి ఇంకా తనంతట తానే వెతుక్కుంటోంది, అందువల్ల ఈమాక్స్ వాడుతున్నంతసేపు ఆ లేఅవుట్ మార్పిడినే సిస్టమ్‌లో ఆపేశాను. బ్రౌజర్‌లో తెలుగు రాయవలసివస్తే ఈమాక్స్‌లోనే రాసి, ఆల్ట్-డబ్ల్యూతో కాపీ చేసి తీసుకెళ్తున్నాను. ఈ సమాధానాన్ని కూడా అలాగే అతికించాను.